ఫ్లక్స్ అంటే ప్రవాహమైతే, ప్రవహించేది ఏది?

మొన్న నా ఫోను చార్జింగ్ పిన్ను వదులైపోతే వీధి చివర రిపేరు షాపుకి తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు బోర్డు విప్పి, లైటున్న భూతద్దం దగ్గరికి లాక్కుని, పక్కనున్న చిన్న డబ్బా మూత తీసి చూసి నాలుక కరుచుకున్నాడు. "ఫ్లక్స్ అయిపోయిందన్నా, పది నిమిషాలు కూర్చో, తెప్పిస్తా." అది లేకుండా టంకం పెట్టలేవా అంటే, పెట్టొచ్చు గానీ నిలబడదు అన్నాడు. కూర్చున్నాను.

ఇంటికొచ్చి ఫోను ఆన్ చేస్తే ఇంటర్ చదివే మా మేనకోడలి మెసేజ్ వచ్చి ఉంది. "మామయ్యా, ఫ్లక్స్ అంటే ఫ్లో అని సార్ చెప్పారు. ఎలక్ట్రిక్ ఫ్లక్స్‌లో ఏం ఫ్లో అవుతుంది? చార్జి కదలకుండా ఒక్కచోటే ఉంది కదా?"

ఒక్క రోజులో ఒకే మాట రెండు వేషాల్లో ఎదురైంది. అక్కడ డబ్బాలో ఉండే బంక లాంటి పదార్థం, ఇక్కడ కదలని చార్జి చుట్టూ లెక్కగట్టే ఒక సంఖ్య. నిఘంటువు తీస్తే గందరగోళం ఇంకాస్త పెరిగింది: ప్రవాహం, మార్పు, నిలకడలేనితనం, లోహం కరగడానికి వేసే మందు, అతిసారం. అతిసారానికీ ఎలక్ట్రిక్ చార్జికీ ఏమిటి చుట్టరికం? ఈ అర్థాలన్నీ వరసగా బట్టీ పడితే ఒక్కటీ గుర్తుండదు. ఎవరు, ఎప్పుడు, దేన్ని చూసి ఆ మాట అన్నారో చూస్తే చాలా ముడులు వాటంతటవే విడిపోతాయి. మేనకోడలు పట్టుకున్న ముడి మాత్రం అంత తేలిగ్గా విడిపోదు, దాని దగ్గరికి నిదానంగా వస్తాను.

లాటిన్‌లో 'ఫ్లూయెరె' అంటే పారడం. దాన్నుంచి 'ఫ్లుక్సుస్' పుట్టింది, అది ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషులోకి 'ఫ్లక్స్'గా వచ్చింది. ఇంగ్లీషువాళ్లు దాన్ని ముందు వాడింది నదుల గురించి కాదు, కడుపు గురించి. అప్పటి వైద్యం ప్రకారం ఒంట్లో నాలుగు రసాలుంటాయి, అవి సమంగా ఉన్నంతకాలం ఆరోగ్యం, వాటిలో ఏదైనా హద్దు మీరి బయటికి పారితే జబ్బు. అలా పారే ప్రతిదీ ఫ్లక్సే. అందులో అందరూ హడలిపోయేది 'బ్లడీ ఫ్లక్స్', అంటే రక్త విరేచనాలు. ఇక్కడ బ్లడీ అన్నది తిట్టు కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పడమే. ఇంగ్లండ్ రాజు జాన్ 1216లో, మొదటి ఎడ్వర్డ్ 1307లో స్కాట్లండ్ మీదికి సైన్యంతో వెళ్తూ దారిలో, ఈ జబ్బుతోనే పోయారని చరిత్రకారులు రాస్తారు. వేల మంది ఒకేచోట గుడారాలు వేసుకుని, తాగే నీళ్ల పక్కనే దొడ్డికి వెళ్లే రోజుల్లో శత్రువు కత్తి కంటే ఇదే ఎక్కువ భయం.

మన మాట చూడండి. అతిసారం అంటే అతి, సారం. ఇందులో సారం 'సృ' అనే సంస్కృత ధాతువు నుంచి వచ్చింది, దాని అర్థం పారడం, కదలడం. గ్రీకువాళ్ల 'డయేరియా' కూడా 'గుండా పారిపోవడం' అనే అర్థంలోనే పుట్టింది. అంటే మూడు భాషలవాళ్లు ఒకే రోగాన్ని చూసి ఒకే సంగతి అన్నారు. ఇంకో తమాషా ఏమిటంటే సంసారంలో ఉన్నది కూడా ఆ 'సృ' ధాతువే. పుట్టడం, పోవడం, మళ్లీ పుట్టడం, ఎక్కడా ఆగకుండా సాగిపోయే పరుగు అని దానికి అసలు అర్థం, ఆలుమగలు, పిల్లలు, నెలసరి సరుకులు అనే అర్థం మన దగ్గర తర్వాత గట్టిపడింది. సంసారం, అతిసారం ఒకే ధాతువు బిడ్డలని తెలిశాక పెళ్లిపందిట్లో పురోహితుడి ప్రసంగం నవ్వకుండా వినడం నాకు కష్టంగా ఉంది.

ఈ పాత అర్థం ఇప్పుడు ఇంగ్లీషులో దాదాపు పోయింది. కానీ పూర్తిగా పోలేదు. 1960ల్లో 'ఫ్లక్సస్' అని ఒక కళా ఉద్యమం నడిచింది, యోకో ఓనో, నామ్ జూన్ పైక్ లాంటివాళ్లు అందులో ఉన్నారు. దాన్ని నడిపించిన జార్జ్ మచ్యూనస్ 1963లో ప్రకటన పత్రం వేసినప్పుడు నిఘంటువులోని ఫ్లక్స్ అర్థాలను అతికించి, వాటి మధ్యలో తన చేతిరాత పెట్టాడు. విరేచనం చేయించడం అనే అర్థం దగ్గర ఆయన లోకానికి పట్టిన బూర్జువా రోగాన్ని కడిగేయండి అని రాశాడు. కళాకారులంతా 'మార్పు' అనే అందమైన అర్థం పట్టుకుంటారనుకుంటాం, ఈయన కడుపు కడిగే అర్థాన్నీ వదల్లేదు.

ఇక్కడ ఒక పక్కదారి పట్టాలి, ఎందుకంటే దాదాపు అందరం పడే పొరపాటు ఒకటుంది. ఇంగ్లీషు 'ఫ్లో', లాటిన్ 'ఫ్లక్స్', రెండింటి అర్థమూ పారడమే, రెండూ 'ఫ్ల'తోనే మొదలవుతాయి, కాబట్టి అక్కాచెల్లెళ్లని అనుకుంటాం. కావు. సంస్కృతం, లాటిన్, ఇంగ్లీషు అన్నీ చేరే ఇండో యూరోపియన్ భాషల చరిత్ర చదివేవాళ్లు చెప్పే లెక్క ఇది: వాటన్నిటికీ తల్లి అయిన మూలభాషలోని 'ప' ఇంగ్లీషు వైపు వచ్చేసరికి 'ఫ' అయింది. సంస్కృతంలో పితృ, ఇంగ్లీషులో ఫాదర్. ఇక్కడ పాదం, అక్కడ ఫుట్. లాటిన్‌లో ఉన్న 'ఫ' మాత్రం చాలాచోట్ల పాత 'భ' నుంచి వచ్చింది, సంస్కృత భ్రాతృ లాటిన్‌లో 'ఫ్రాటెర్' అయినట్టు. ఆ లెక్కన ఇంగ్లీషు 'ఫ్లో'కి సంస్కృత చుట్టం 'ప్లు' ధాతువు. తేలడం, ఈదడం, ముంచెత్తడం దాని అర్థాలు. ఫిజిక్స్ పుస్తకంలో ఉత్ప్లవన బలం, మన అరవై ఏళ్ల పట్టికలో ప్లవ నామ సంవత్సరం, అన్నిటికంటే ముఖ్యంగా విప్లవం, ఇవన్నీ ఆ ఇంటివే. 'ఫ్లక్స్' ఇంటిపేరు వేరు, పొంగడం, పొర్లడం అనే అర్థమున్న ఇంకో పాత ధాతువు నుంచి వచ్చింది. అంటే 'ఫ్లో'కి 'ఫ్లక్స్' కంటే మన విప్లవమే దగ్గరి చుట్టం. నాకైతే ఇది చదివిన రోజు నిద్ర పట్టలేదు, ఇంట్లోవాళ్లకి చెప్తే ఎవరూ పట్టించుకోలేదు.

ఫ్లక్స్ సొంత కుటుంబం కూడా పెద్దదే. ఫ్లూయిడ్, ఫ్లూయెంట్, కడుపులో ఆమ్లం పైకి ఎగదన్నే రిఫ్లక్స్, ఫ్యాక్టరీ వెనక తూములోంచి వచ్చే ఎఫ్లుయెంట్. ఇన్‌ఫ్లుయెన్స్ అంటే మొదట్లో నక్షత్రాల నుంచి మనిషి లోపలికి పారే శక్తి అని యూరప్‌లో నమ్మేవారు. అంటురోగాలు కూడా ఆ గ్రహచారం వల్లే అని ఇటలీవాళ్లు దానికి ఇన్‌ఫ్లుయెంజా అని పేరు పెట్టారు, అదే కురచై ఫ్లూ అయింది. కాబట్టి రీల్స్ చేసే ఇన్‌ఫ్లుయెన్సరూ, చలికాలం జలుబు జ్వరమూ ఒకే పేరు పంచుకున్నారు, రెండూ అంటుకునేవే. ఫ్లెక్సీ మాత్రం ఈ కుటుంబం కాదు, దాని వెనక ఉన్నది వంగడం అనే వేరే లాటిన్ మాట. పుట్టినరోజు ఫ్లెక్సీల కింద నిలబడి వంగే నడుములను చూస్తే అదీ సబబే అనిపిస్తుంది.

సరే, షాపు కుర్రాడి డబ్బా.

బంగారం లాంటివి తప్ప దాదాపు ఏ లోహాన్నైనా గాలికి వదిలేస్తే పైన సన్నటి ఆక్సైడు పొర పడుతుంది, వేడి చేస్తే ఆ పొర ఇంకా తొందరగా పడుతుంది. కరిగిన టంకం శుభ్రమైన రాగికి అంటుకుంటుంది గానీ ఆ పొరకి అంటుకోదు, తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా ముడుచుకుని దొర్లిపోతుంది. ఫ్లక్స్ పని ఆ పొరను కరిగించి పక్కకి తోయడం, పని జరుగుతున్నంతసేపూ గాలి తగలకుండా కప్పి ఉంచడం. ఎలక్ట్రానిక్స్‌లో ఎక్కువగా వాడేది రోజిన్, అంటే దేవదారు జాతి చెట్ల జిగురులోంచి టర్పెంటైన్ తీసేశాక మిగిలే గట్టి పదార్థం, వయొలిన్ కమానుకి రుద్దేదీ అదే. చల్లగా ఉన్నప్పుడు అది ఏమీ చెయ్యదు, వేడి తగిలాక అందులోని ఆమ్లాలు మేలుకుని రాగి మీది మకిలిని తినేస్తాయి. తగరం, సీసం కలిపిన మామూలు టంకం 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలుపెడుతుంది, ఆ వేడికి రోజిన్ అప్పటికే పని పూర్తి చేసి ఉంటుంది. ఇందులో పారేది ఫ్లక్స్ కాదు, టంకం. ఫ్లక్స్ దాన్ని పారనిస్తుంది. పారేదాని పేరు పారించేదానికి పెట్టేశారన్నమాట.

దీన్ని కళ్లతో చూడాలంటే మొబైల్ షాపు కంటే కంసాలి కొట్టు మేలు. చిన్నప్పుడు మా ఊళ్లో ఆచారి గారి కుంపటి దగ్గర గంటలకొద్దీ కూర్చునేవాణ్ని. తెగిన గొలుసు కొక్కెం అతకాలంటే ముందు చిన్న రాతి మీద రెండు చుక్కల నీళ్లు వేసి వెలిగారం గడ్డను అరగదీసేవారు, గంధం తీసినట్టు. ఆ తెల్లటి ముద్దను సన్నటి కుంచెతో అతుకు దగ్గర రాసి, ఆవగింజంత టంకం ముక్క పట్టకారుతో పెట్టి, ఊదుగొట్టంతో దీపం మంటను దాని మీదికి ఊదేవారు. వెలిగారం ముందు పేలాల్లా పొంగి లేస్తుంది, అందులోని నీరు పోతుంది కాబట్టి. తర్వాత కుంగి, గాజులా మెరుస్తూ అతుకంతా పరుచుకుంటుంది. ఇంకొక్క క్షణం ఊదితే టంకం ముక్క ఉన్నట్టుండి కరిగి, ఎవరో లాగినట్టు అతుకు సందులోకి జారిపోతుంది. ఆ జారడం రెప్పపాటులో అయిపోతుంది. "చూశావట్రా" అనేవారు ఆయన, ఎప్పుడూ చూసేలోపే అయిపోయేది.

వెలిగారాన్ని సంస్కృతంలో టంకణం అంటారు. టిబెట్ సరస్సుల ఒడ్డు నుంచి అది దేశదేశాలకు వెళ్లేది, ఇంగ్లీషులో ముడి వెలిగారానికి ఉన్న 'టింకల్' అనే పేరు కూడా ఈ టంకణం నుంచి మలయ్ మీదుగా వెళ్లిందే. మనకి ఫ్లక్స్ అనే మాట కొత్త కావచ్చు, వస్తువు పాతదే. పాత ఇత్తడి గిన్నెలకి కళాయి పూసేవాళ్లు చల్లే నవాసారం కూడా ఇదే పని చేస్తుంది. గిన్నె కాలాక ఒక చిటికెడు వేస్తే గుప్పుమని తెల్లటి పొగ లేస్తుంది, తగరం తళతళా పరుచుకుంటుంది. తెలుగులో ఈ మందులన్నిటికీ కలిపి ఒక పేరు లేదు, దేనికి దానికే పేరుంది. పని చేసుకునేవాడికి అది చాలు, పుస్తకం రాసేవాడికే ఉమ్మడి పేరు కావాలి.

ఇదే పనిని టన్నుల్లో చూడాలంటే ఉక్కు కర్మాగారం. ఇనుప ఖనిజంతో పాటు వచ్చే ఇసుక, మట్టి విడిగా అంత తేలిగ్గా కరగవు. కొలిమిలో సున్నపురాయి వేస్తే అది ఆ ఇసుకతో కలిసి, కరిగి, ఇనుము మీద తేలే చిట్టెంగా మారుతుంది, దాన్ని పైనుంచి వేరే దారిన వదిలేస్తారు. విశాఖ ఉక్కుకి జగ్గయ్యపేటలో సున్నపురాయి గని, మాదారంలో డోలమైటు గని ఎందుకున్నాయంటే ఇందుకే, ఆ రాళ్లు ఫ్లక్స్. బయటికొచ్చిన చిట్టెం కూడా వృథా పోదు, సిమెంటులో కలుస్తుంది.

ఇక్కడి నుంచి ఈ మాట ఎవరూ ఊహించని చోటికి పోయింది. జర్మనీ గనుల్లో ఖనిజం సులువుగా కరగాలని ఒక రంగురంగుల స్ఫటిక రాయి వేసేవారు. గనుల శాస్త్రానికి ఆద్యుడనదగ్గ అగ్రికోలా 1530లో దాని గురించి రాస్తూ, పారే గుణాన్ని బట్టి లాటిన్‌లో 'ఫ్లూయోరెస్' అన్నాడు. ఆ రాయే ఫ్లోర్‌స్పార్. దాన్నుంచి వచ్చే ఆమ్లంలో తెలియని మూలకం ఒకటుందని అర్థమయ్యాక రాయి పేరు మీదే దానికి ఫ్లోరిన్ అని పేరు పడింది. అది ఎంత దుడుకు మూలకమంటే, పట్టుకోబోయిన రసాయన శాస్త్రవేత్తలు కొందరు ఒళ్లు పాడుచేసుకున్నారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు, చివరికి 1886లో హెన్రీ మొయసాన్ దాన్ని విడదీసి 1906లో నోబెల్ అందుకున్నాడు. ఈలోగా 1852లో జార్జ్ స్టోక్స్ కొన్ని పదార్థాలు కంటికి కనపడని కాంతిని తిని కనపడే కాంతిని వదలడం గమనించి, ఫ్లోర్‌స్పార్ పేరు మీదే దానికి ఫ్లోరెసెన్స్ అన్నాడు. మన ఇళ్లలో గిలగిల కొట్టుకుని ఆలస్యంగా వెలిగే ట్యూబ్‌లైటు ఆ సూత్రం మీదే నడుస్తుంది. బుర్ర నెమ్మదిగా వెలిగేవాణ్ని ట్యూబ్‌లైటు అనేటప్పుడు ఫ్లక్స్ ముని మనవణ్ని పిలుస్తున్నామని ఎవరికి తెలుసు!

ఇంకో మనవడి దగ్గర నవ్వు రాదు. ఫ్లోరైడ్. నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు 'ఫ్లోరిన్ నీళ్లు' అంటే విడమరచి చెప్పక్కర్లేదు. నేల కింది గ్రానైటు రాళ్లలోని ఫ్లోరిన్ ఖనిజాలు కొద్దికొద్దిగా నీళ్లలో కలుస్తాయి, లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఇంకా ఎక్కువైతే ఎముకలు బిగుసుకుపోతాయి, వంకర తిరుగుతాయి. మన దేశంలో ఈ జబ్బు మొదట శాస్త్రపత్రికకెక్కింది కూడా తెలుగు నేల నుంచే, 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల నుంచి. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ పటిక, సున్నం వేసి ఫ్లోరైడును తేర్చే పద్ధతి కనిపెట్టి దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరు పెట్టింది, ఆ పేరుతోనే అది ఆఫ్రికా దేశాల దాకా వెళ్లింది. జర్మనీ కొలిమిలో రాయిని 'పారేది' అని పిలిచారు, ఆ పేరు మన బోరుబావి నీళ్ల పరీక్ష కాగితం మీదికి చేరింది. తాగే నీళ్లు సురక్షితంగా రావాలన్న పోరాటానికి మాత్రం ఆ ఊళ్లకు దశాబ్దాలు పట్టింది.

ఇక 'మార్పు' అనే అర్థం. పారేది నిలవదు, నిలవనిది మారుతూ ఉంటుంది. నిన్న దిగిన నదిలోనే ఇవాళ దిగలేమన్న ఆలోచనకు గ్రీకు తత్వవేత్త హెరాక్లిటస్ పేరు చెబుతారు, ఆయన క్రీస్తుకు సుమారు 500 ఏళ్ల ముందు ఇప్పటి టర్కీలో ఉన్న ఎఫెసస్ నగరం మనిషి. 'అంతా పారుతూనే ఉంది' అనే రెండు ముక్కల మాట ఆయన రాతల్లో మిగిలినది కాదు, తర్వాతివాళ్లు ఆయన చెప్పినదాన్ని అలా కుదించారు. ఆ గ్రీకు మాటలోని 'పారడం' మన స్రవించడానికి, రక్తస్రావానికి, ఇంగ్లీషు స్ట్రీమ్‌కి చుట్టం, ఫ్లక్స్‌కి కాదు. కానీ ఇంగ్లీషులో ఆ సిద్ధాంతాన్ని చెప్పాల్సొస్తే అందరూ ఎత్తుకునేది ఫ్లక్సే.

మన ఆఫీసుల్లో వినపడేది ఈ అర్థమే. "రిక్వైర్‌మెంట్స్ ఇంకా ఫ్లక్స్‌లో ఉన్నాయి" అని మేనేజర్ అన్నాడంటే, క్లయింటుకి ఏం కావాలో క్లయింటుకే తెలీదు, డెడ్‌లైన్ మాత్రం మారదు అని. దీన్ని తెలుగులో రాసేటప్పుడే పేచీ. 'పరిస్థితి ప్రవాహ స్థితిలో ఉంది' అని రాసిన అనువాదాలు చూశాను. చదివినవాడికి వరదలు వచ్చాయేమో అనిపిస్తుంది. ఫ్లక్స్ అని కనపడగానే ప్రవాహం అని దింపేస్తే వచ్చే తంటా ఇది. మనకి మాటలు లేవా? ఇంకా ఒక కొలిక్కి రాలేదు అంటాం. రోజుకో తీరుగా ఉంది అంటాం. ఎటూ తేలలేదు అంటాం. ఆ చివరిదాంట్లో తేలడం కూడా ఉంది, నీళ్లు కావాలన్నవాళ్లకి నీళ్లు.

మారేదాన్ని చూసి నిట్టూర్చడం తత్వవేత్త పని అయితే, ఎంత వేగంగా మారుతోందో కొలవడం న్యూటన్ పని. ఒక చుక్క పారితే గీత అవుతుంది, గీత పారితే తలం అవుతుంది అని ఆయన ఊహించుకున్నాడు. అలా పారుతూ పెరిగే రాశికి 'ఫ్లూయెంట్' అని, ఆ పెరిగే వేగానికి 'ఫ్లక్షన్' అని పేర్లు పెట్టాడు, అక్షరం నెత్తిన ఒక చుక్క దాని గుర్తు. ఇప్పుడు మనం కాలిక్యులస్ అనేది ఇదే. పుస్తకం 1671లో రాశాడు, అచ్చయింది 1736లో, అప్పటికి ఆయన పోయి తొమ్మిదేళ్లు. ఈలోగా జర్మనీలో లైబ్నిట్స్ 1684లోనే తన పద్ధతి అచ్చువేసుకున్నాడు, ఎవరు ముందు అనే గొడవ తరం దాటినా ఆగలేదు. బర్క్‌లీ అనే బిషప్పు 1734లో ఈ ఫ్లక్షన్లను ఏకిపారేశాడు. సున్నా కాదంటారు, చివర్లో సున్నా అంటారు, ఇవి చనిపోయిన రాశుల దయ్యాలా అని అడిగాడు. వెటకారమైనా ప్రశ్న గట్టిదే, గణితజ్ఞులకు సరైన జవాబు చెప్పడానికి ఇంకో వందేళ్లు పట్టింది. చివరికి లైబ్నిట్స్ గుర్తులే గెలిచాయి, ఫ్లక్షన్ అన్న పేరు పాత పుస్తకాల్లో ఉండిపోయింది. చుక్క మాత్రం ఫిజిక్స్‌లో ఇప్పటికీ బతికుంది.

ఇప్పుడు మేనకోడలి ప్రశ్న. తెలుగు మీడియం పుస్తకంలో ఫ్లక్స్‌ని అభివాహం అంటారు. మంచి మాటే, కానీ 'వహించడం' అందులోనూ దూరి ఉంది కాబట్టి అనుమానం తీరదు.

ముందు నిజంగా పారేదాన్ని తీసుకుందాం. వానాకాలంలో రోజూ పేపర్లో చూసే క్యూసెక్కులు ఫ్లక్సే. ఒక క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపు అడుగు నీరు. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.4 లక్షల క్యూసెక్కులు దాటింది. బ్యారేజీకి 70 గేట్లు, అంటే సమంగా పంచితే గేటుకి 16 వేల పైచిలుకు. ఇక్కడే పుస్తకాలు రెండు దారులు పడతాయి. బ్యారేజీ మొత్తం మీద ఎంత దాటింది అనేది ఒక లెక్క, ఒక్కో చదరపు అడుగు గుండా ఎంత దాటింది అనేది ఇంకో లెక్క. ఫూరియే 1822లో వేడి గురించి రాసిన గ్రంథం దగ్గర్నుంచి వేడిని, ద్రవాలను చదివేవాళ్లు రెండోదాన్నే ఫ్లక్స్ అంటున్నారు, విద్యుత్తు, అయస్కాంతం చదివేవాళ్లు మొదటిదాన్ని అంటారు. ఒకే కాలేజీలో రెండు డిపార్ట్‌మెంట్లు, ఒకే పేరు, రెండు అర్థాలు. విద్యార్థి తప్పేమీ లేదు.

సూర్యుడి నుంచి మన భూమి దగ్గరికి ప్రతి చదరపు మీటరుకి సుమారు 1361 వాట్లు అందుతుంది, ఇది రెండో రకం. అదే సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినో కణాలు మీ బొటనవేలి గోరంత చోటు గుండా సెకనుకి 6,500 కోట్ల చొప్పున దూసుకుపోతున్నాయి, ఇది చదువుతున్నప్పుడు కూడా, గోరుకి ఏమీ తెలియకుండా. ఎల్ఈడీ బల్బు డబ్బా మీద ల్యూమెన్లు అని ఉంటుందే, అది మొదటి రకం, బల్బు నుంచి అన్ని వైపులకీ కలిపి వచ్చే మొత్తం వెలుతురు. బల్బు కొనేటప్పుడు వాట్లు కాదు చూడాల్సింది, ల్యూమెన్లు. పక్కన కనపడే లక్స్ అనే కొలత పేరు వినడానికి ఫ్లక్స్‌లా ఉన్నా దానికి చుట్టం కాదు, లాటిన్‌లో వెలుతురు అని దాని అర్థం.

వీటన్నిటిలోనూ ఏదో ఒకటి నిజంగా దాటుతోంది. కదలని చార్జి దగ్గర ఏదీ దాటడం లేదు. మేనకోడలి అనుమానం నూటికి నూరుపాళ్లు సరైనది.

అప్పుడే కంకి వేసిన వరి మడి ఊహించుకోండి, కంకులు నిటారుగా నిలబడి ఉన్నాయి, గాలి లేదు. అద్దం లేని ఖాళీ ఫోటో ఫ్రేము ఒకటి తీసుకుని మడి మీద అడ్డంగా దించితే కొన్ని కంకులు దాని లోంచి పైకి వస్తాయి. లెక్కపెట్టండి. దుబ్బులు చిక్కగా ఉంటే ఎక్కువ, పలచగా ఉంటే తక్కువ, ఫ్రేము పెద్దదైతే ఎక్కువ. ఫ్రేమును పక్కకి వాలిస్తే లోపలికి దూరే కంకులు తగ్గుతాయి, పూర్తిగా నిలబెడితే ఒక్కటీ దూరదు. 'ఇ ఎ కొసైన్ థీటా' అని బట్టీ పట్టే సూత్రంలో ఉన్నది ఇంతే: కంకుల చిక్కదనం, ఫ్రేము వైశాల్యం, వాలు. ఏ కంకీ ఎక్కడికీ పోలేదు.

మరి ఫ్లక్స్ అని ఎందుకన్నారు? అప్పట్లో వేడిని, కరెంటును కంటికి కనపడని ద్రవాలనుకునేవారు. ఆ నమ్మకం పోయింది, మాటలు మిగిలాయి. ఫారడే అయస్కాంతం చుట్టూ బలరేఖలు గీశాడు, ఆయనకి గణితం రాదు. గణితం వచ్చిన మాక్స్‌వెల్ 1850ల్లో ఆ రేఖలను ఒక ఊహాద్రవం పారే గొట్టాలుగా భావించి నీటి లెక్కలను తెచ్చి వాటికి తొడిగాడు. ఇది ఊహే సుమా, నిజంగా ద్రవం లేదు అని ఆయనే స్పష్టంగా రాశాడు. లెక్కలు అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. లెక్కతో పాటు పేరు కూడా ఉండిపోయింది.

అది ఉత్త కాగితం లెక్క కూడా కాదు. నాగార్జునసాగర్ పవర్‌హౌస్‌లో కృష్ణ నీళ్లు టర్బైన్‌ని తిప్పుతాయి, దాంతో తీగచుట్టల గుండా పోయే అయస్కాంత అభివాహం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, అది మారినప్పుడల్లా తీగలో కరెంటు పుడుతుంది, ఫారడే 1831లో చూసింది ఇదే. నీటిలో పారేది ఉంది. అయస్కాంతంలో పారేది లేదు. అయినా రెండో దానిలో మార్పు రాకపోతే మీ ఇంట్లో ఫ్యాను తిరగదు.

ఫోటో ఫ్రేము, వరి మడి కథ మేనకోడలికి వాయిస్ మెసేజ్‌లో చెప్పాను, ఏడు నిమిషాలు వచ్చింది. గంట తర్వాత జవాబు పెట్టింది. "అర్థమైంది మామయ్యా. పరీక్షలో కంకులు అని రాస్తే మార్కులేస్తారా?"

వెయ్యరు, కొసైన్ థీటా రాసెయ్ అన్నాను.